పసుపు దారం గుడ్డ

"ఇదే ప్రశ్న మీరు అడగడం నాలుగోసారి," అన్నాడు డిప్యూటీ సార్, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ.

"మీరు చెప్పే జవాబూ నాలుగోసారి అదేనండీ. ఒక్క అక్షరం మారలేదు. నిజం చెప్పేవాడు కాస్త తడుముకుంటాడు. బట్టీ పట్టినవాడే గడగడా అప్పజెప్పేస్తాడు," అన్నాడు ప్రైవేటు డిటెక్టివ్.

"అంటే నేను అబద్ధం చెప్తున్నానంటారా?"

"నేనేమీ అనలేదు. నాకు కడుపులో మంట, అందుకని ముఖం ఇలా ఉంటుంది. మళ్ళీ చెప్పండి."

కడుపులో మంట నిజమే. కానీ ముఖం అలా ఉండడానికి అదొక్కటే కారణం కాదు, పెళ్ళిచూపులనాడు కూడా అలాగే ఉందని వాళ్ళావిడ అంటుంది. పోలీసు స్టేషన్లో అందరూ ఆయన్ని వెనకాల 'చిటపట' అంటారు. ఈమధ్య ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. ఈ కేసు పట్టుకున్న దగ్గర్నుంచి ఆయన నిజంగానే చిటపటలాడుతున్నాడు. ఎవర్ని కదిపినా ఈస్టు, ఈస్టు అంటారు. రొట్టె పొంగడానికి వేసే ఆ కాస్త పొడి కోసం మనుషులు చంపుకుంటారా అని మొదట ఆయనకి నమ్మబుద్ధి కాలేదు.

చంపుకున్నారు. ఈస్టు మీద పరిశోధన చేసే ఈ సంస్థకి అధిపతి అయిన పెద్ద మేడం శుక్రవారం సాయంత్రం తన లాబ్‌లోనే, తన ఫ్లాస్కులో కాఫీ తాగి, కుర్చీలోనే ఒరిగిపోయింది. కాఫీలో కలిసింది లాబ్ అలమారాలోని విషం. అలమారా తాళంచెవి ఉన్నది ఆవిడ దగ్గర పరిశోధన చేసే అమ్మాయి దగ్గర. ఆ అమ్మాయిని పోలీసులు ఆ రాత్రే పట్టుకుపోయారు. వచ్చే శనివారం మళ్ళీ కోర్టులో హాజరు పెడతారు, అక్కడ హత్యానేరం మోపితే ఇక బయటికి రావడం కల్ల. ఆ అమ్మాయికి అమ్మా నాన్నా లేరు. ఉన్నది ఒక్క అక్క, పళ్ళడాక్టరు దగ్గర నర్సు. యూనిఫారం కూడా మార్చుకోకుండా వచ్చి డిటెక్టివ్ గుమ్మంలో నిలబడి, "మా చెల్లి చీమని చూసి పక్కకి జరిగి నడుస్తుంది సార్," అంది. ఆ ఒక్క మాటకి ఆయన కేసు ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నందుకు తనని తనే తిట్టుకుంటున్నాడు.

"సరే, వినండి," అన్నాడు డిప్యూటీ సార్, చదువురాని పిల్లాడికి చెప్పినట్టు. సంస్థలో మేడం తర్వాత ఆయనే, ఆవిడ పోయాక అది ఆయన చేతిలోకే వచ్చింది. "ఈస్టు తనకి కావలసినవి చాలావరకు తనే వండుకుంటుంది. ఎడినిన్ అనే పోషకం కూడా అంతే. జీన్‌లో చిన్న తేడా వచ్చిందనుకోండి, ఆ వంట ఆగిపోతుంది. అప్పుడు బయటినుంచి మనం ఎడినిన్ పెడితేనే బతుకుతుంది, పెట్టకపోతే పెరగదు. అలాంటి ఈస్టు ఒకటి తనకి దొరికిందనీ, దాంతో మంచి మందు చేయొచ్చనీ ఆ అమ్మాయి ఏడాదిగా ఊదరగొడుతోంది. కానీ ఆ అమ్మాయి టేబుల్ మీద ఈస్టు పెంచే ప్లేట్లు చూశారుగా? ఎడినిన్ లేని ప్లేటులో కూడా చుక్కలు చుక్కలుగా ఎంచక్కా పెరిగింది. అంటే ఏమిటి? మామూలు ఈస్టే. పచ్చి మోసం. మేడం పట్టేసింది, ఈ పిల్ల భయపడి కాఫీలో కలిపింది."

"పట్టేశానని మేడం మీకు చెప్పిందా?"

"ప్లేట్లే చెప్తున్నాయి కదండీ."

"మీరు కూడా కొత్త ఈస్టు కనిపెట్టారట. కొనడానికి ఏదో కంపెనీ వస్తోందట."

"అది వేరే జాతి. నా ఈస్టుకి కావలసింది ల్యూసిన్ అనే ఇంకో పోషకం. ఆ అమ్మాయి పనికీ దానికీ ఏ సంబంధమూ లేదు."

"మేడం దాన్ని పరీక్ష చేసిందా?"

"లేదు. నా ప్లేట్లు ఆవిడ ముట్టుకుని ఏడాది దాటింది. నేను కూడా ఈమధ్య ముట్టుకోవడం లేదు, అంతా నా విద్యార్థులే చూసుకుంటారు." బల్లమీది స్టీలు ఫ్లాస్కు దగ్గరికి లాక్కున్నాడు. "కాఫీ తీసుకుంటారా? పంచదార ఉండదు. మేడంలాగే నాకూ అలవాటు లేదు."

"వద్దు బాబూ. చెప్పాగా, కడుపులో మంట."

డిటెక్టివ్ లేచాడు. గంటసేపు వాయించినా ఈ మనిషి దగ్గర రాలిందేమీ లేదు.

*

లాబ్ గుమ్మంలో కాపలా కానిస్టేబుల్ పక్కన డిటెక్టివ్ బావమరిది ఎదురుచూస్తున్నాడు. కాలేజీలో సూక్ష్మజీవుల పాఠం చెప్పే లెక్చరరు. మనిషి నెమ్మది, మాట నెమ్మది, బిస్కెట్లు తినడంలో మాత్రం మెరుపు. ఈ కేసులో అర్థంకాని మాటలకి అర్థం చెప్పడానికి వాళ్ళావిడ చేత చెప్పించి మరీ తీసుకొచ్చాడు.

లోపల అప్పటికే ఇస్త్రీ ఉన్నాడు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. చొక్కా నలగదు, జుట్టు చెదరదు, అందుకని ఇస్త్రీ. ఇతనూ డిటెక్టివూ ఒకప్పుడు ఒకే ఆఫీసులో పని నేర్చుకున్నారు. ఇప్పుడు సంస్థ తరఫున డిప్యూటీ సార్ పెట్టుకున్న ప్రైవేటు పరిశోధకుడు ఇస్త్రీ. పోలీసులకి ఆ అమ్మాయి మీద కాగితాలన్నీ వేడివేడిగా వడ్డించింది కూడా ఇతనే.

"ఏంటి గురూ, ఇంకా ఇక్కడే తచ్చాడుతున్నావా? తాళంచెవి ఉంది, కారణం ఉంది, ప్లేట్లున్నాయి. ఇంకేం కావాలి నీకు?"

"ఆ అమ్మాయి చెప్పింది ఒక్కసారి చదివావా?"

"చదివాను. 'మేడం నా ప్లేటు తీసుకుని వెల్వెట్ గుడ్డకి అద్దింది, నా ఈస్టు సరైనదేనని నవ్వుతూ చెప్పింది.' చచ్చిపోయినావిడ నవ్విందని ఎవరైనా చెప్పొచ్చు."

"గుడ్డకి అద్దడమేమిట్రా?" అని బావమరిది వైపు తిరిగాడు డిటెక్టివ్.

బావమరిది జేబులోని బిస్కెట్టు లోపలే వదిలేసి ముందుకొచ్చాడు. "అదా బావా, ముద్ర వేయడం లాంటిది. చుక్కలు చుక్కలుగా పెరిగిన ప్లేటుని వెల్వెట్ గుడ్డమీద బోర్లించి ఒత్తుతారు. ప్రతి చుక్కనుంచీ కాస్త ఈస్టు ఆ నూగుకి అంటుకుంటుంది. ఇప్పుడా గుడ్డ మీద ఖాళీ ప్లేట్లు ఒకదాని తర్వాత ఒకటి ఒత్తితే, ఏ చుక్క ఎక్కడుందో అక్కడే మొలుస్తుంది. ఒక ప్లేటులో ఎడినిన్ వేస్తారు, ఒకదాంట్లో వేయరు. ఎడినిన్ లేనిచోట ఏ చుక్క మొలవలేదో అదే మనక్కావలసిన మ్యూటెంటు, అంటే జీన్ తేడా వచ్చిన ఈస్టు."

"ఆ గుడ్డలేవీ?"

పోలీసులు ప్లేట్లన్నీ ఫొటోలు తీశారు, సీలు వేశారు. సీసాలు లెక్కపెట్టారు. గుడ్డల గురించి ఎవరికీ పట్టలేదు. డిటెక్టివ్ ఒక్కో అలమారా తెరిచి, తిట్టుకుంటూ మూసి, మోకాలు తగిలించుకుని, ఇంకాస్త గట్టిగా తిట్టుకుని, చివరికి మూలనున్న చల్లటి బీరువా తెరిచాడు. కింది అరలో ఒక మూత ఉన్న ట్రే. మూతమీద మేడం చేతిరాతతో 'నా గుడ్డలు ఎవరూ ముట్టుకోవద్దు' అని చీటీ అంటించి ఉంది.

"ఆవిడ పద్ధతి ఇదన్నమాట," అన్నాడు బావమరిది తొంగిచూసి. "ఒత్తిన ప్లేటు పాడైతే మళ్ళీ అద్దుకోవచ్చని, వారం పొడుగునా వాడినవి చల్లగా దాచి, వారాంతంలో ఒక్కసారే ఉడకబెట్టి ఉతికేది. పాతకాలపు జాగ్రత్త. ఆ వారాంతం రాకుండానే పోయింది పాపం."

ట్రేలో రెండు గుడ్డలు పరిచినవి పరిచినట్టే ఉన్నాయి. అంచులకి రంగు దారంతో కుట్టు. ఒకదానికి ఆకుపచ్చ, ఒకదానికి పసుపు. గోడమీద ఆ రంగుల లెక్క కూడా ఉంది. ఎవరి ఈస్టు ఇంకొకరిదాంతో కలవకుండా ఒక్కొక్కరికి ఒక్కో రంగు. ఆకుపచ్చ ఆ అమ్మాయిది.

"పసుపు ఎవరిదిరా?"

బావమరిది గోడవైపు వంగి చూశాడు. "డిప్యూటీ సార్‌ది బావా."

తన ప్లేట్లు మేడం ఏడాదిగా ముట్టుకోలేదన్న మనిషి గుడ్డ, మేడం ఆఖరి వారం వాడినవాటిలో! డిటెక్టివ్‌కి ఒక్క క్షణం కడుపుమంట కూడా తెలియలేదు. అయినా ముఖం మార్చలేదు, ఎలాగూ అది మారే ముఖం కాదు. "ఇస్త్రీ, ఈ గుడ్డలు నేను తీసుకెళ్ళొచ్చా? ఎక్కడ దొరికాయో, ఎలా ఉన్నాయో రాసి ఒక సంతకం పెట్టు."

"మురికి గుడ్డలా?" ఇస్త్రీ పగలబడి నవ్వాడు. "పట్టుకుపో. శనివారం కోర్టు నుంచి వచ్చాక కళ్ళు తుడుచుకోవడానికి పనికొస్తాయి." నవ్వుతూనే సంతకం పెట్టాడు. కానిస్టేబుల్ కూడా పెట్టాడు.

*

గుడ్డల్ని కాలేజీ లాబ్‌లో కొత్త ప్లేట్ల మీద ఒత్తారు. ఇక అక్కణ్ణుంచి మొదలైంది డిటెక్టివ్ అసలు కష్టం.

మనిషినైతే గదమాయించొచ్చు. బల్లమీద చెయ్యి వేసి కొట్టొచ్చు. ఈస్టుని ఏం చేస్తాం? మర్నాడు వెళ్తే ప్లేట్లు ఖాళీగా ఉన్నాయి. ఆ మర్నాడు వెళ్తే చుక్కలు మొలిచాయి, కానీ అన్నీ తెల్లగా.

"తెలుపేంట్రా? ఎడినిన్ చేసుకోలేని ఈస్టు ఎరుపు రంగులోకి వస్తుందని నువ్వే కదా చెప్పావు?"

"వస్తుంది బావా. ప్లేటులో మనం పెట్టిన ఎడినిన్ ఉన్నంతసేపూ తెల్లగానే ఉంటుంది. అది అయిపోయాక సొంతంగా వండుకోబోతుంది. వంట సగంలో ఆగిపోతుంది. ఆ సగం ఉడికిన సరుకు లోపల పేరుకుని ఎర్రబడుతుంది, గిన్నె అడుగంటినట్టు. ఎడినిన్ లేని ప్లేటు ఖాళీగానే ఉంది కానీ, గుడ్డ పాతదై మొలవలేదంటారు, ఎరుపొస్తేనే నోరు మూస్తారు. కాస్త ఓపిక పట్టాలి." అంటూనే కాఫీలో నాలుగో చెంచా పంచదార వేసుకున్నాడు.

"ఓపికట, ఓపిక! అంత పంచదారేంట్రా? నువ్వూ మ్యూటెంటువే. అది లేకపోతే బతకలేవు."

"అక్షరాలా నిజం బావా," అన్నాడు బావమరిది ఏమాత్రం నొచ్చుకోకుండా.

అయితే ఒక్కటి తేలింది. ఆకుపచ్చ గుడ్డనుంచి మొలిచిన చుక్కల వరసని పోలీసు ఫొటోలతో పోల్చి చూశారు. ఆ అమ్మాయి టేబుల్ మీద దొరికిన ప్లేట్లలో చుక్కలు ఒక తీరు, గుడ్డమీద చుక్కలు ఇంకో తీరు. ఎంత తిప్పి చూసినా ఒక్క మూల కూడా కలవలేదు. అంటే టేబుల్ మీద ప్లేట్లు ఎవరో మార్చి పెట్టినవి. డిటెక్టివ్ ఎగిరి గంతేసినంత పనిచేసి ఇన్‌స్పెక్టరు దగ్గరికి పరిగెత్తాడు. అక్కడ ఇస్త్రీ కూర్చుని ఉన్నాడు.

"చుక్కలు కలవలేదా? మురికి గుడ్డ, ఎలా కలుస్తాయి?" అన్నాడు ఇస్త్రీ. "సరే, నీ గుడ్డే నిజమనుకుందాం. మొలిచినవి ఏ రంగు?"

"...తెలుపు."

"తెలుపంటే మామూలు ఈస్టు. అంటే ఆ అమ్మాయి మోసం రెండోసారి నువ్వే రుజువు చేశావు. చాలా థాంక్స్."

ఇన్‌స్పెక్టరు నవ్వు ఆపుకోలేకపోయాడు. డిటెక్టివ్‌కి ఒళ్ళు మండిపోయింది. బయటికొచ్చి తన స్కూటర్ని ఒక్క తన్ను తన్నాడు. అది స్టార్టు కాలేదు, కాలు మాత్రం నొప్పిపుట్టింది.

రోజూ సాయంత్రం క్లినిక్ అయ్యాక ఆ అమ్మాయి అక్క కాలేజీకి వచ్చేది. మెట్ల కింద బల్లమీద కూర్చునేది. లాబ్‌లోకి రమ్మన్నా రాదు, తన చేతులు తగిలి ఏమైనా పాడవుతుందేమోనని భయం. బావమరిది కిందికి కాఫీ తీసుకెళ్ళి ఇస్తే, "పంచదార వద్దండీ. రోజంతా పుచ్చిపోయిన పళ్ళు చూసి చూసి ఆ తీపంటేనే విరక్తి పుట్టింది," అని చప్పటిదే తాగేది. డిటెక్టివ్ మెట్లు దిగి రాగానే లేచి నిలబడి ఒకే మాట అడిగేది.

"ఎరుపొచ్చిందా సార్?"

"రాలేదమ్మా."

"రేపొస్తుందేమో."

"రావాలి."

ఇంకేమీ అనేది కాదు. ఏడ్చినా, నిలదీసినా, కనీసం ఓ మాట తూలినా ఆయనకి తేలిగ్గా ఉండేది. ఆమె ఏమీ అనకపోవడం చూసి ఇంటికెళ్ళి వాళ్ళావిడ మీద చిరాకుపడ్డాడు. వాళ్ళావిడ, "నీ ఈస్టు ఎర్రబడేలోగా నా కళ్ళు ఎర్రబడేలా ఉన్నాయి," అని అన్నం పెట్టి వెళ్ళిపోయింది.

*

శుక్రవారం సాయంత్రం. తెల్లారితే కోర్టు.

డిటెక్టివ్ పోలీసు స్టేషన్ వరండాలో ఇన్‌స్పెక్టరు కోసం పడిగాపులు పడుతున్నాడు. ఇంకొక్క వారం గడువు అడుగుదామని వచ్చాడు. ఇన్‌స్పెక్టరు లోపల ఉన్నాడు, లేడని చెప్పిస్తున్నాడు. పక్క బెంచీమీద ఇస్త్రీ కాలుమీద కాలేసుకుని పత్రిక చదువుతున్నాడు.

ఫోను మోగింది. బావమరిది.

"బావా! ఎరుపు! వచ్చేసింది!" ఆ నెమ్మది మనిషి గొంతు కీచుమంటోంది. "మధ్యాహ్నం లేత గులాబీ రంగు అనిపించింది, నా భ్రమేమో అనుకున్నాను. ఇప్పుడు చూస్తే ఎర్రగా, స్పష్టంగా ఉంది. ఎడినిన్ లేని ప్లేటులో ఇప్పటికీ ఒక్క చుక్క మొలవలేదు. ఆ అమ్మాయి ఈస్టు నిజం, బావా! మేడం చూసిందీ ఇదే. మోసం లేనప్పుడు ఆ అమ్మాయికి చంపే అవసరమేముంది?"

డిటెక్టివ్ కళ్ళు మూసుకున్నాడు. ఇన్ని రోజులుగా పళ్ళ బిగువున పట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలాడు.

"ఇంకోటి విను. పసుపు గుడ్డది కూడా ఎర్రబడింది."

"పసుపా? డిప్యూటీదానికి కావలసింది ల్యూసిన్ కదా? అది ఎందుకు ఎర్రబడుతుంది?"

"అదే నేననేది! ఎర్రబడకూడదు. ల్యూసిన్ తీసేసిన ప్లేటులో కూడా ముందే పెట్టి ఉంచాను, దర్జాగా పెరిగింది. ఎడినిన్ తీసేస్తే చచ్చింది. అది ఆయన ఈస్టు కాదు బావా, ఆ అమ్మాయిదే. ఎత్తుకొచ్చి పేరు మార్చి అమ్ముకుంటున్నాడు. మేడం ఆయన ప్లేటు తెప్పించుకుని గుడ్డకి అద్దింది చూడు, అప్పుడే కనిపెట్టి ఉంటుంది."

అదీ సంగతి. డిప్యూటీ హోదాకి తెరుచుకోని అలమారా ఏముంటుంది? ప్లేట్లు మార్చాడు, విషం కలిపాడు, అన్నీ సర్దుకున్నాడు. కానీ సొంత చేత్తో గుడ్డ అద్ది, ఆ గుడ్డ ఎక్కడికి పోతుందో చూసి ఏళ్ళయింది. విద్యార్థులు చేసే చాకిరీ ఆయనకి గుర్తెందుకుంటుంది?

"ఒరేయ్, నువ్వు బంగారంరా," అన్నాడు డిటెక్టివ్. పెళ్ళైన దగ్గర్నుంచి బావమరిదితో ఆయన అన్న మొదటి మంచి మాట అది. "ప్లేట్లు అక్కడే ఉంచు. వస్తున్నా."

ఫోను కట్టెయ్యకుండానే ఇస్త్రీ వైపు తిరిగాడు. "విన్నావా? నీ సంతకంతో తీసుకున్న గుడ్డలే. రెండూ ఎర్రబడ్డాయి. నీ డిప్యూటీ సార్ దొంగ, హంతకుడు. ఇప్పుడు నవ్వు."

ఇస్త్రీ నవ్వలేదు. పత్రిక మడిచాడు. నలగని ఆ చొక్కా కాలర్ దగ్గర చెమట పట్టింది.

"ఏమైంది?"

"గుడ్డలు మీ బావమరిది కాలేజీలో ఉన్నాయని... ప్లేట్లు మొలుస్తున్నాయని..." నీళ్ళు నమిలాడు. "పొద్దున నేను డిప్యూటీ సార్‌కి చెప్పాను. ఆయన నా క్లయింటు కదా. ఆయన అడిగాడు, నేను చెప్పాను."

డిటెక్టివ్ ఫోను చెవికి ఆనించుకున్నాడు. "ఒరేయ్, వింటున్నావా? అక్కడికి ఎవరైనా వచ్చారా?"

"ఎవరూ రాలేదు బావా. నువ్వు పంపిన మనిషి తప్ప."

"నేనెవర్ని పంపాను?"

"అదే, ఫ్లాస్కుతో కాఫీ పంపావు కదా! 'మీ బావగారు ఇచ్చి రమ్మన్నారు' అని ఇచ్చి వెళ్ళాడు. నీకు ఇంత మర్యాద ఎప్పట్నుంచి అబ్బిందా అని నేనే ఆశ్చర్యపోయాను."

"తాగావా?" వరండా అంతా దద్దరిల్లేలా అరిచాడు. "తాగావురా?"

"లేదు, ఎందుకలా అరుస్తావు? అందులో పంచదార లేదు. ఇక్కడ డబ్బా చూస్తే అది ఖాళీ. ఎవరైనా తెచ్చాక తాగుదామని పక్కన పెట్టాను."

డిటెక్టివ్‌ బెంచీమీద కూలబడ్డాడు. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. పంచదార లేకపోతే బతకలేని వెధవ, పంచదార లేకపోవడం వల్ల బతికాడు. "దాన్ని ముట్టుకోకు. మూత పెట్టి అలాగే ఉంచు. అందులో ఉన్నది మేడంని చంపిన విషమేరా. ఆ ఫ్లాస్కే వాణ్ణి ఉరికంబం ఎక్కిస్తుంది."

అవతల చెంచా కిందపడిన చప్పుడు.

"ఒరేయ్? వింటున్నావా?"

"బావా..." గొంతు సగానికి పడిపోయింది. "ఒక కప్పు పోశాను."

"తాగలేదన్నావుగా!"

"నేను తాగలేదు. కింద ఆవిడ ఒక్కతే కూర్చునుంది కదా అని... ఆవిడకి పంచదార అక్కర్లేదు కదా అని... నీకు ఫోను చేసే ముందే, ఎరుపు ఇంకా చూడకముందే ఇచ్చొచ్చాను."

ఫోనులో మాటలు పక్కకి వినపడుతూనే ఉన్నాయి, ఇస్త్రీకి చెప్పక్కర్లేకపోయింది. తన ఫోను తీసి అంబులెన్సుకి కొడుతూ, ఇంకో చేత్తో ఇన్‌స్పెక్టరు గది తలుపు దబదబా బాదాడు. డిటెక్టివ్ లేచి నిలబడ్డాడు, ఎటు పరిగెత్తాలో తెలియక అక్కడే ఉండిపోయాడు. ఫోనులో బావమరిది మెట్లు దూకుతున్న చప్పుడు, రొప్పు, ఏదో తన్నుకుని కిందపడిన చప్పుడు, మళ్ళీ పరుగు.

ఆ తర్వాత అన్నీ ఆగిపోయాయి.

"బావా," అన్నాడు బావమరిది. "కప్పు ఖాళీగా ఉంది."

అంత దూరంనుంచీ ఆ అక్క గొంతు సన్నగా, ఆశగా, రోజూ లేచి నిలబడి అడిగినట్టే వినపడింది.

"ఎరుపొచ్చిందా సార్?"